అద్దె ఫ్లాట్‌లో గిటార్ రికార్డింగ్: మైక్ కొనే ముందు గది సంగతి చూడండి

ఇంట్లో గిటార్ రికార్డ్ చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ మైక్ కొనాలి?" అనే. జవాబు చెప్తాను గానీ, కాస్త కిందికి వచ్చాక. పాతిక వేలు పోసి కొన్న మైక్‌ని టైల్స్ వేసిన ఖాళీ గదిలో పెడితే ఆ గది మోత ఇంకాస్త స్పష్టంగా రికార్డవుతుంది, అంతే. అదే ఏడెనిమిది వేల మైక్‌ని పరుపులూ పుస్తకాలూ ఉన్న గదిలో సరైన చోట పెడితే, వినేవాళ్లు ఏ స్టూడియోలో చేశారని అడుగుతారు. అందుకే ఇక్కడ వరస ఇలా ఉంటుంది: ముందు గది, తర్వాత కరెంటు, ఆ తర్వాత గిటార్, చివర్న సామాను. మొదటి మూడింటికీ పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

మీ దగ్గర ఒక అకూస్టిక్ గిటార్, ఓ మాదిరి లాప్‌టాప్, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో పది పదకొండు అడుగుల చిన్న బెడ్‌రూమ్ ఉన్నాయనుకుని చెప్తున్నాను. ఎలక్ట్రిక్ వాయించేవాళ్లకి విడిగా ఒక భాగం ఉంది. అయితే కరెంటు గురించి చెప్పింది వాళ్లకే ఎక్కువ అవసరం, అది దాటేయకండి.

1. గదిని వినండి

ఇంట్లో ఒక్కో గదిలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. చప్పట్టు ఆగాక స్ప్రింగు సాగదీసి వదిలినట్టు సన్నటి మోత ఒకటి మిగిలితే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. హాల్లో ఇది బాగా వినిపిస్తుంది. మంచం, పరుపు, మందపాటి కర్టెన్లు, బట్టలు నిండిన ర్యాక్ ఉన్న బెడ్‌రూమ్‌లో దాదాపు ఉండదు. రోడ్డు వైపు లేని బెడ్‌రూమ్ ఒకటుంటే మీ స్టూడియో అదే. లిఫ్ట్‌ని ఆనుకున్న గది మాత్రం వద్దు.

ఇప్పుడు ఆ గదిలో ఒక పరీక్ష. గిటార్ తీసుకుని ఐదో తీగని, అంటే ఏ (A) స్ట్రింగ్‌ని, ఓపెన్‌గా మీటుతూ ఒక గోడ నుంచి ఎదురు గోడ దాకా మెల్లగా నడవండి. కొన్ని చోట్ల ఆ స్వరం బొంయ్‌మని ఉబ్బుతుంది, కొన్ని చోట్ల చప్పబడుతుంది. గిటార్ అదే, మీ చెయ్యీ అదే. తేడా అంతా గదిది.

ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ కూర్చోవాలో కూడా తెలుస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. పది అడుగుల దూరంలో, అంటే 3.05 మీటర్ల దూరంలో, ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరా, దానికి రెట్టింపైన 112 హెర్ట్జ్ దగ్గరా శబ్దం పేరుకుంటుంది. గిటార్ ఏ (A) స్ట్రింగ్ మోగేది 110 హెర్ట్జ్ దగ్గర. మన ఫ్లాట్లలో చిన్న బెడ్‌రూమ్‌కి ఒక కొలత పది అడుగులు ఉండడం మామూలే కాబట్టి, "నా రికార్డింగ్‌లో ఏ (A) మైనర్ కార్డ్ మాత్రమే ఎందుకో మోగిపోతోంది" అనే ఫిర్యాదు కూడా మామూలే. ఈ ఉబ్బు గోడల దగ్గరా, సరిగ్గా గది మధ్యలోనూ ఎక్కువగా ఉంటుంది. గోడకీ మధ్యకీ నడుమ, పది అడుగుల గదిలో గోడ నుంచి రెండున్నర అడుగుల దగ్గర, బాగా తగ్గుతుంది. కాబట్టి ఫ్యాన్ కింద, గది నడిబొడ్డున కుర్చీ వేసుకోకండి. మూలల్లో అసలే వద్దు. గోడకి రెండున్నర, మూడున్నర అడుగుల మధ్య వెతికితే మంచి చోటు దొరుకుతుంది. గది సరిగ్గా చదరంగా ఉంటే రెండు వైపులా ఒకే స్వరం ఉబ్బుతుంది, అప్పుడు ఇంకాస్త ఓపికగా వెతకాలి.

ఇదే పరీక్షలో ఇంకో దొంగ దొరుకుతాడు. ఆరో తీగ, ఐదో తీగ గట్టిగా మీటి ఆపేసి వినండి. ఎక్కడో సన్నగా జీర వస్తుంటే ముందు ఇనుప బీరువాని అనుమానించండి. దాని తలుపు, పైన పెట్టిన సూట్‌కేసు హ్యాండిల్, లోపలి హ్యాంగర్లు అన్నీ మోగుతాయి. తలుపు సందులో మడిచిన గుడ్డ ఒకటి దూరిస్తే చాలావరకు ఆగుతుంది. గదిలో స్టాండ్ మీద మరో గిటార్ ఉంటే దాని తీగలు వాటంతటవే పలుకుతాయి. తీగల మధ్య ఒక చేతి రుమాలు అల్లండి.

2. మోత తగ్గించండి, కోడిగుడ్ల ట్రేలు మాత్రం వద్దు

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆపడం వేరు, లోపలి మోత తగ్గించడం వేరు. మొదటిదానికి బరువైన గోడలు, రెండు పొరల తలుపులు, సందుల్లేని కిటికీలు కావాలి. అద్దె ఇంట్లో అది అయ్యే పని కాదు, ఆ ఆశ వదిలేయండి. రెండోది మీ చేతిలో ఉంది.

కోడిగుడ్ల అట్ట ట్రేలు ఈ రెండింట్లో దేనికీ పనికిరావు. పై స్వరాల్ని కాస్త చెదరగొడతాయి, అంతకుమించి ఏమీ ఉండదు. పైగా అగ్గిపుల్ల తగిలితే అంటుకుంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం మందం నల్ల ఫోమ్ ముక్కలూ దాదాపు అంతే. అవి పై శబ్దాన్ని మాత్రం పీల్చి, కింది మోతని అలాగే వదిలేస్తాయి. దాంతో గిటార్ దుప్పటి కప్పుకుని వాయించినట్టు వినిపిస్తుంది. గోడంతా ఫోమ్ అతికించిన వీడియోలు చూడ్డానికి బాగుంటాయి, వినడానికి కాదు.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఇంట్లో ఉన్న దూది పరుపుని వాడండి. మీరు గోడకి ఎదురుగా కూర్చుంటే మీ వీపు వెనక, కాస్త పక్కకి, పరుపుని నిలువుగా ఆనించండి. మీకూ ఎదురు గోడకీ మధ్య ఒక బట్టల స్టాండ్ మీద రెండు బొంతలు వేలాడదీయండి. మైక్ కిందా, కుర్చీ కిందా నేల మీద మందపాటి జంపకానా పరవండి, టైల్స్ నుంచి తిరిగొచ్చే శబ్దం తగ్గుతుంది. మళ్లీ చప్పట్టు కొట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. నిజానికి చాలామందికి ఇంతవరకు చేస్తే సరిపోతుంది.

ఇంకా బాగా కావాలనుకుంటే రాక్‌వుల్ ప్యానెళ్లు చేయించుకోండి. ఇది ఫోమ్ కంటే ఎన్నో రెట్లు నయం, ఖర్చు కూడా పెద్ద ఎక్కువేం కాదు. ఫాల్స్ సీలింగ్, ఇన్సులేషన్ సామాన్లు అమ్మే షాపుల్లో రెండు అంగుళాల మందం స్లాబ్‌లు దొరుకుతాయి. క్యూబిక్ మీటరుకి 48 నుంచి 64 కిలోల సాంద్రత ఉన్నవి అడగండి. ముందు స్లాబ్ కొని, దాని కొలత తీసుకుని, అప్పుడు కార్పెంటర్‌తో ఫ్రేమ్ చేయించండి. ఇది తిరగేసి చేస్తే స్లాబ్‌లు కోసుకుంటూ కూర్చోవాలి. ఒక్కో ఫ్రేమ్‌లో రెండు స్లాబ్‌లు పెట్టి నాలుగు అంగుళాల మందం తెప్పించండి. పైన కప్పే గుడ్డకి ఒకటే పరీక్ష: నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి వెళ్లాలి. పల్చటి కాటన్ చీర, నేత గుడ్డ బాగా పనికొస్తాయి, రెక్సిన్ పనికిరాదు. రాక్‌వుల్ పీచు చర్మానికి తగిలితే దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోకండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని బాల్కనీలో చేసుకోవడం మంచిది.

ప్యానెల్‌ని గోడకి అతికించకుండా మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదలండి. ఆ ఖాళీ వల్ల కింది స్వరాల మీద ప్రభావం పెరుగుతుంది. ఫ్రేమ్‌కి కింద రెండు కాళ్లు పెట్టిస్తే గోడకి మేకులు కొట్టే పనే ఉండదు, ఇంటి ఓనర్‌తో గొడవ ఉండదు, ఇల్లు మారితే అవీ మీతో వస్తాయి. నాలుగు ప్యానెళ్లతో మొదలుపెట్టండి. రెండు మూలల్లో, ఒకటి మీ వెనక, ఒకటి మీ ఎదురుగా.

3. నిశ్శబ్దం దొరికే వేళ పట్టుకోండి

కూరగాయల బండి మైకు, పక్కింటి కుక్కర్ విజిల్, నీళ్ల మోటారు, పై ఫ్లాట్‌లో కుర్చీ జరిపిన చప్పుడు. వీటికి మందు లేదు, టైమింగ్ ఒక్కటే. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి గదిలో ఒక రోజు వేర్వేరు వేళల్లో రెండేసి నిమిషాలు ఖాళీగా రికార్డ్ చేసి, హెడ్‌ఫోన్స్‌లో వినండి. చాలా కాలనీల్లో రాత్రి పదకొండు దాటాక, లేదంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, మంచి సమయం దొరుకుతుంది.

ఫ్యాన్, ఏసీ టేక్ (ఒకసారి వాయించి రికార్డ్ చేయడం) సమయంలో ఆపాల్సిందే. మే నెలలో ఇదెలాగని అడుగుతారు. ముందే గదిని బాగా చల్లబరచి, అన్నీ ఆపేసి, పది పదిహేను నిమిషాలు రికార్డ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఫ్రిజ్ చప్పుడు గది దాకా వస్తుంటే దాన్నీ కాసేపు ఆపొచ్చు. అయితే తిరిగి వేయడం మర్చిపోతే పొద్దున్నే పాలు విరుగుతాయి, ఇంట్లో మీ సంగీతం మీద గౌరవం కూడా విరుగుతుంది. అందుకే స్కూటర్ తాళాలో, పర్సో ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి వెళ్లాలంటే ఫ్రిజ్ తలుపు తీయక తప్పదు.

4. కరెంటు సంగతి

హెడ్‌ఫోన్స్‌లో "మ్మ్మ్" అని నిలకడగా వినిపించే హమ్, మన 50 హెర్ట్జ్ కరెంటుదీ దాని రెట్టింపులదీ. చాలామంది దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దామని చూస్తారు. హమ్‌తో పాటు గిటార్‌లోని మంచి కూడా పోతుంది. మొదట్లోనే పట్టుకోండి.

ఎలక్ట్రిక్ గిటార్ తీగల మీద చెయ్యి పెడితే వేళ్లకి సన్నగా జిల్లుమంటోందా? అయితే ముందు ఎర్తింగ్‌ని అనుమానించండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ, మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూడమనండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు చూపించాలి. హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ విరిచేసేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి, ప్రాణాల మీదికి వస్తుంది. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ (మైక్, గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె), ఆంప్ అన్నీ ఒకే మంచి స్పైక్ బోర్డులోంచి తీసుకోండి. వేర్వేరు గోడల సాకెట్లలో పెడితే ఎర్త్ దారులు రెండై వాటి మధ్యే హమ్ పుడుతుంది.

ఇక దొంగని పట్టే పద్ధతి. హమ్ వస్తుండగా లాప్‌టాప్ చార్జర్ తీసేయండి. ఆగిందా, తప్పు చార్జర్‌ది. బ్యాటరీ మీదే రికార్డ్ చేయండి. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున హమ్ తగ్గి మరో దిక్కున పెరిగితే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని ఒకే చుట్టతో పట్టే భాగం) గుణం. తక్కువ ఉన్న దిక్కుకి కుర్చీ తిప్పుకుని వాయించండి. హమ్‌బకర్ (రెండు చుట్టల పికప్) ఉన్న గిటార్‌కి ఈ బాధ చాలా తక్కువ, దానికా పేరు వచ్చిందే అందుకు. హమ్ కాకుండా "జ్ర్ర్ర్" అని గరుకుగా వస్తే ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ తిప్పి చూడండి. ఆగకుండా తిరిగే చిన్న నాబ్ ఉన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని కోసి పంపుతాయి, ఆ కోత పికప్‌లోకి దూకుతుంది. ఫ్యాన్ పూర్తి స్పీడ్‌లో పెడితే తగ్గుతుంది. ఒకటి నుంచి ఐదు వరకు టక్ టక్‌మని ఆగే కెపాసిటర్ రకం రెగ్యులేటర్ మార్పిస్తే పూర్తిగా పోతుంది. డిమ్మర్ ఉన్న లైట్లదీ ఇదే కథ. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడైతే రికార్డింగ్ మానేసి ప్రాక్టీస్ చేసుకోండి.

5. గిటార్‌ని సిద్ధం చేయండి

తుప్పు పట్టిన తీగలతో ఏ మైకూ ఏమీ చేయలేదు. రికార్డింగ్‌కి ఒకటి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేసి, వేళ్లతో మెల్లగా లాగుతూ సాగదీసి, శ్రుతి నిలిచేదాకా వాయించండి. అదే రోజు వేస్తే ప్రతి టేక్‌కీ శ్రుతి జారుతుంది. కొత్త తీగ మెరుపు మరీ ఎక్కువై చెవికి గుచ్చుకుంటుంది కూడా. ఏ సెట్ అని అడిగితే అకూస్టిక్‌కి 12 నుంచి 53 గేజ్ ఫాస్ఫర్ బ్రాంజ్ అంటాను. వేళ్లు నొప్పి అనుకుంటే 11 నుంచి 52.

పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అదే చోట వచ్చే హార్మోనిక్ రెండూ ట్యూనర్‌లో ఒకేలా చూపించాలి. చూపించకపోతే ఎంత శ్రుతి చేసినా పై కార్డ్స్ అపశ్రుతిగానే ఉంటాయి. సెటప్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

గిటార్‌కి నచ్చే తేమ 45 నుంచి 55 శాతం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమ ఎక్కువై చెక్క ఉబ్బుతుంది. కేస్‌లో సిలికా జెల్ పొట్లాలు వేయండి. కండెన్సర్ మైక్‌నీ (కరెంటుతో పనిచేసే సున్నితమైన రకం) డబ్బాలో అలాగే దాచాలి. ఎండాకాలం తెలంగాణలో, అందులోనూ ఏసీ గదిలో, దీనికి తలకిందులు. చెక్క ఎండి ఫ్రెట్ అంచులు చేతికి గుచ్చుకుంటాయి. అప్పుడు కేస్‌లో పెట్టుకునే హ్యుమిడిఫయర్ కావాలి.

6. ఇప్పుడు కొనండి

కావాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్, మైక్, స్టాండ్, మూసి ఉండే (క్లోజ్డ్ బ్యాక్) హెడ్‌ఫోన్స్, కేబుళ్లు. స్పీకర్లు ఇప్పుడే వద్దు. చిన్న గదిలో అవి చెప్పే అబద్ధాల కంటే మంచి హెడ్‌ఫోన్స్ నయం.

ఇంటర్‌ఫేస్‌లో మూడు చూడండి: 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైక్‌కి ఇంటర్‌ఫేస్ నుంచే వెళ్లే కరెంటు), గిటార్ నేరుగా పెట్టడానికి ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్, మీరు వాయించేది ఆలస్యం లేకుండా వినిపించే డైరెక్ట్ మానిటర్. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి వాటిలో ఈ మూడూ ఉన్నాయి. ఒక్కరే వాయించేవాళ్లకి రెండు ఇన్‌పుట్లు చాలు. ఎనిమిది ఇన్‌పుట్లది కొని ఆరింటిని దుమ్ము పట్టించకండి.

అకూస్టిక్‌కి చిన్న డయాఫ్రమ్ కండెన్సర్, అంటే పెన్సిల్ ఆకారపు మైక్, నా మొదటి ఎంపిక. తీగ మీద పిక్ పడే చప్పుడు కూడా శుభ్రంగా పట్టుకుంటుంది. మీరే పాడతారు కూడా అంటే పెద్ద డయాఫ్రమ్ తీసుకోండి, రెండింటికీ పనికొస్తుంది. మీ గది ఎంత చేసినా మోతగానే ఉంటే షూర్ ఎస్‌ఎమ్ 57 లాంటి డైనమిక్ మైక్ దగ్గరగా పెట్టి వాడండి. 1965 నుంచి అమ్ముడవుతున్న మైక్ అది, గిటార్ ఆంప్ ముందు నేటికీ అదే కనిపిస్తుంది. యూఎస్‌బీ మైక్ మాత్రం వద్దంటాను. రేపు రెండో మైక్ కావాలన్నా, ఎలక్ట్రిక్ పెట్టాలన్నా అది కొన్న డబ్బు వృథా.

ధరలు మారుతూ ఉంటాయి గానీ, అన్నీ కలిపి పాతిక, ముప్పై వేల చుట్టూ పడుతుందనుకోండి. కేబుళ్లు, కనెక్టర్లు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో చూసుకోండి. గిటార్ కేబుల్ పదిహేను అడుగులు దాటనివ్వకండి, పొడుగు పెరిగేకొద్దీ పై స్వరాలు మసకబారతాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కేబుల్‌కి ఆ బాధ లేదు.

7. సాఫ్ట్‌వేర్, త్వరగా

మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఇంకేం వెతకొద్దు. విండోస్ అయితే రీపర్. 60 రోజులు ఉచితంగా వాడుకుని, నచ్చితే వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లకి కొనొచ్చు. పాత లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఆసియో (ASIO) డ్రైవర్ వేసుకోవడం తప్పనిసరి. అది లేకపోతే మీరు వాయించాక ఎప్పటికో వినిపిస్తుంది.

శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రికార్డ్ చేసేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో తీసుకునే శాంపిళ్ల లెక్క) 128 పెట్టండి. 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు, రానూపోనూ అన్నీ కలిపినా చేతికి తెలియదు. టక్ టక్ శబ్దాలొస్తే 256 చేయండి. మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టుకోవచ్చు, అప్పుడు ఆలస్యంతో పని లేదు.

8. మైక్ ఎక్కడ పెట్టాలి

ఇక్కడ గడిపే అరగంట మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. కొత్తగా చేసేవాళ్లు మైక్‌ని సౌండ్‌హోల్‌కి ఎదురుగా పెడతారు, శబ్దం అక్కణ్నుంచే వస్తుందని. అక్కణ్నుంచి వచ్చేది ఎక్కువగా గాలి, 100 హెర్ట్జ్ చుట్టూ ఉండే బుస. తీగల స్పష్టత అక్కడ ఉండదు.

మైక్‌ని పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా, జానెడు దూరంలో పెట్టండి. మూతిని కొంచెం, చాలా కొంచెం, సౌండ్‌హోల్ వైపు తిప్పండి. ఎదురుగా కూర్చుని చూస్తే మైక్ మెడకీ బాడీకీ కలిసే చోటుని చూస్తున్నట్టుండాలి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఇక్కణ్నుంచి కదపాలి. ఒంటరిగా ఉంటే ఇలా చేయండి: రికార్డ్ నొక్కి, "పన్నెండో ఫ్రెట్, జానెడు" అని గట్టిగా చెప్పి ఒకే నాలుగు కార్డ్స్ వాయించండి. మైక్‌ని రెండు వేళ్ల వెడల్పు జరిపి, "పద్నాలుగో ఫ్రెట్" అని చెప్పి మళ్లీ అవే వాయించండి. తర్వాత దూరం మార్చి మూరెడు. తర్వాత మీ కుడి భుజం మీదుగా, మీ చెవి వినే చోటు నుంచి కిందికి చూసేలా. అన్నీ అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. మీ గొంతే ఏ చోటో చెప్తుంది.

వినేటప్పుడు ఏం పట్టించుకోవాలి? ఆరో తీగ మిగతా వాటిని మింగేస్తోందంటే సౌండ్‌హోల్‌కి దూరంగా, మెడ వైపు జరపండి. కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) దగ్గరయ్యేకొద్దీ కింది స్వరాలు పెంచుతుంది, కాబట్టి నాలుగు వేళ్లు వెనక్కి జరిపినా ఫలితం ఉంటుంది. పల్చగా, రేకులా ఉందంటే దగ్గరికి తేండి. గది మోత వినిపిస్తుంటే దూరం ఎక్కువైంది. వేళ్లు తీగల మీద జారే కీచు ఎక్కువగా ఉంటే ఎడమ చేతి వైపు మరీ తిరిగి ఉందన్నమాట. నచ్చిన చోటు దొరకగానే స్టాండ్ కాళ్లకీ, కుర్చీ కాళ్లకీ నేల మీద టేపు ముక్కలు అతికించండి. రేపు మిగిలిన సగం పాట రికార్డ్ చేసేటప్పుడు నిన్నటి శబ్దమే కావాలి కదా.

రెండు మైకులు ఉన్నా మొదట ఒక్కదానితోనే చేయండి. రెండింటిని వేర్వేరు దూరాల్లో పెడితే ఒకదాని శబ్దం ఇంకోదాన్ని కొట్టేసి పల్చబడుతుంది. ఆ చిక్కు విప్పడం తర్వాత నేర్చుకోవచ్చు.

9. టేక్

కుర్చీ ప్లాస్టిక్‌ది వద్దు, కదిలితే కిర్రుమంటుంది. చెక్క స్టూల్ మంచిది. వాచీ, కడియం తీసేయండి. చొక్కా గుండీలు గిటార్ వీపుకి తగిలితే ఆ టిక్కు కూడా రికార్డవుతుంది, టీషర్ట్ వేసుకోండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో.

గెయిన్ (ఇంటర్‌ఫేస్ మైక్ శబ్దాన్ని పెంచే మేర) పెట్టేటప్పుడు పాటలో మీరు అన్నిటికంటే గట్టిగా వాయించే చోటే వాయించాలి, మెత్తగా పరీక్షిస్తే తర్వాత ఎర్ర లైటు వెలుగుతుంది. గరిష్ఠం మైనస్ 12 నుంచి మైనస్ 8 డెసిబెల్స్ మధ్య తగిలేలా పెట్టండి. మీటర్ నిండాలన్న ఆత్రం వద్దు. 24 బిట్‌లో అడుగున బోలెడు చోటుంది. సున్నా దాటి పగిలిన స్వరాన్ని మాత్రం ఎవరూ అతికించలేరు.

క్లిక్ (లయ చూపే మెట్రోనోమ్) పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్‌లో మరీ గట్టిగా కాకుండా. ఎక్కువైతే అది బయటికి కారి మైక్‌లో పడుతుంది. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు ఆది తాళానికి 4/4, రూపకానికి 3/4, మిశ్ర చాపుకి 7/8, ఖండ చాపుకి 5/8 పెట్టుకుంటే సరిపోతుంది. తంబూర యాప్ కూడా హెడ్‌ఫోన్స్‌లోనే. అదే గదిలో స్పీకర్‌లో పెడితే తర్వాత ఒక్క తప్పు స్వరం కూడా విడిగా కోయలేరు.

మొదట పది సెకన్లు ఏమీ వాయించకుండా గదిని రికార్డ్ చేయండి, ఎడిటింగ్‌లో ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుంది. తర్వాత పాటని పూర్తిగా మూడు నాలుగు సార్లు వాయించి, బాగున్న ముక్కలు కలుపుకోండి. ఒకే లైన్‌ని ఇరవై సార్లు వాయిస్తే వేళ్లూ మనసూ రెండూ బిగుసుకుపోతాయి. ప్రతి టేక్‌కీ ముందు శ్రుతి చూసుకోండి. చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా కదలకండి, "అబ్బా బాగా వచ్చింది" అని అప్పుడే అనేయకండి.

10. ఎలక్ట్రిక్ గిటార్

ఫ్లాట్‌లో ఆంప్ పెంచే అవకాశం లేదు కాబట్టి నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి పెట్టడమే మేలు. ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ నొక్కడం మర్చిపోకండి. అది నొక్కకపోతే ఇన్‌పుట్ పికప్ మీద భారమై శబ్దం నీరసంగా, మసకగా వస్తుంది. చాలామంది గిటార్‌నో పికప్‌నో తిట్టుకునేది ఈ స్విచ్ వల్లే. ఆంప్ శబ్దానికి న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో పాటు క్యాబినెట్ ఐఆర్ ఫైల్ (ఆంప్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించేది) కూడా పెట్టాలి. ఐఆర్ లేకుండా డిస్టార్షన్ వింటే దోమల గుంపే. అన్నిటికంటే సౌకర్యం ఏమిటంటే, శుభ్రమైన డైరెక్ట్ శబ్దం విడిగా దాచుకుంటే ఆంప్‌ని ఆర్నెల్ల తర్వాత కూడా మార్చుకోవచ్చు.

రిథమ్ వెడల్పుగా రావాలంటే అదే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి పెట్టండి. ఒకే ట్రాక్‌ని కాపీ చేస్తే వెడల్పు రాదు, కాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే. రెండుసార్లు వాయించడంలో వచ్చే సూక్ష్మమైన తేడాలే ఆ వెడల్పు.

11. మిక్స్, దాచడం

అకూస్టిక్ మీద 70 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కింది శబ్దాన్ని కోసే ఫిల్టర్) పెట్టండి. మామూలు శ్రుతిలో కింది తీగ 82 హెర్ట్జ్, డ్రాప్ డీ చేస్తే 73, కాబట్టి గిటార్‌కి నష్టం లేదు, రోడ్డు గురగుర పోతుంది. 200 చుట్టూ బురదగా ఉంటే రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. కొద్దిగా రివర్బ్. అంతకంటే ఎక్కువ చేయాలనిపిస్తోందంటే మైక్ చోటు తప్పిందని, ఎనిమిదో భాగానికి వెనక్కి వెళ్లండి. అయ్యాక ఫోన్ స్పీకర్‌లో, కారులో వినండి. యూట్యూబ్ శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గరికి తగ్గిస్తుంది కాబట్టి లిమిటర్‌తో గట్టిగా తొక్కి లాభం లేదు.

ఒక మోనో ట్రాక్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో నిమిషానికి 8.6 ఎంబీ తింటుంది. నాలుగు నిమిషాల పాటకి పది టేకులంటే దాదాపు 350 ఎంబీ. లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి దాచండి. ఫోల్డర్ పేరులో పాట, తేదీ, టెంపో, కాపో ఏ ఫ్రెట్‌లో పెట్టారో రాయండి. తీగలు ఏ సెట్ అన్నది కూడా రాస్తే, మూడు నెలల తర్వాత రెండో గిటార్ కలపాలనుకున్నప్పుడు వెతుక్కోనక్కర్లేదు.